చివరి నల్లాదాకా

ఇవాళ నల్లా నీళ్ల ముచ్చట. 2016 ఆగస్టు 7న కోమటిబండలో ప్రారంభమైన మిషన్ భగీరథ తాగునీటి పథకం పల్లెల్లో మనిషికి రోజుకు 100 లీటర్లు ఇవ్వాలనుకుంది. ట్యాంకు నింపడం ఒకెత్తు, చివరి ఇంటికి అందించడం మరొకెత్తు. నల్లాకు మోటారు బిగిస్తే పక్కింటి ధార సన్నబడుతుంది. అంతకన్నా పెద్ద ముప్పు, మోరీ పక్కన పగిలిన పైపు మురికినీళ్లను లోపలికి గుంజుతుంది. దయచేసి నల్లాకు మోటారు బిగించకండి.

ఇక ట్యాంకు నీళ్ల శుద్ధికి, 60 వేల లీటర్లకు మంచి బ్లీచింగ్ పౌడర్ సుమారు 150 గ్రాములు కావాలి. బకెట్లో కలిపి, సున్నం అడుగుకు దిగాక పైతేటనే ట్యాంకులో పోయాలి. అరగంటైనా ఆగాకే వాల్వు తిప్పాలి. చివరి నల్లాలోనూ లీటరుకు 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగలాలి. పరీక్ష అక్కడే చేయమని పంచాయతీని అడగండి.