డర్బన్‌ను కాలినడకన చూద్దాం
(ఉత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)

  మా తెలుగులో తప్పులుంటే పెద్దలు మన్నించాలి.

మేము ఐదుగురం, ఒకే అవ్వకు మనుమలం, మనుమరాళ్ళం. చాట్స్‌వర్త్‌లో పుట్టి పెరిగాం. డర్బన్ అంటే మాకు కారు కిటికీలోంచి కనిపించే ఊరే. పోయిన చలికాలంలో ఒక శని, ఆదివారాలు అవ్వను వెంటబెట్టుకొని ఊరంతా నడిచి చూశాం. ఆ సంగతే మనవి చేస్తాము.

శనివారం తెల్లవారగానే వార్విక్ కూడలిలోని ఎర్లీ మార్నింగ్ మార్కెట్‌కు వెళ్ళాం. 1934 నుంచి మార్కెట్ అక్కడే ఉంది. 2009లో దాన్ని తీసేసి పెద్ద దుకాణ సముదాయం కట్టాలని చూస్తే, అమ్మేవాళ్ళు గట్టిగా నిలబడి కాపాడుకున్నారు. కొత్తిమీర, కరివేపాకు, చేమగడ్డల మధ్య అవ్వ ఒక ముసలమ్మతో జులూ భాషలో బేరమాడింది. అవ్వకు జులూ వచ్చునని ఇన్నేళ్ళూ మాకు తెలియదు!

అక్కడినుంచి విక్టోరియా స్ట్రీట్ మార్కెట్‌కు నడిచాం. పాత మార్కెట్ 1973లో కాలిపోయింది. దాని గురించి అవ్వ చెప్పగా విన్నాం. తరువాత గ్రే స్ట్రీట్. బోర్డు మీద మాత్రం డాక్టర్ యూసుఫ్ దాదూ స్ట్రీట్ అని ఉంది. స్వాతంత్ర్యం కోసం పోరాడిన ఆ మహనీయుని పేరు పెట్టడం న్యాయమే. కానీ అవ్వ చెప్పే కథలన్నీ పాత పేరుతోనే ఉన్నాయి. రెండు పేర్లూ తెలియకపోతే ఆ కథలు జరిగిన చోటు మన పిల్లలకు దొరకదు. జుమ్మా మసీదుకూ ఇమ్మాన్యుయేల్ చర్చికీ నడుమనున్న మద్రెసా ఆర్కేడ్‌లో కాసేపు కూర్చొని టీ తాగాం.

ఆదివారం సోమ్‌ట్సూ రోడ్డుకు వెళ్ళాం. మునిసిపాలిటీ భారతీయ కార్మికులు కాపురమున్న మ్యాగజీన్ బారక్స్ అక్కడే ఉండేవి. గ్రూప్ ఏరియాస్ చట్టం 1950లో వచ్చింది. 1960ల్లో అక్కడివారిని చాట్స్‌వర్త్‌కు తరలించారు. ఇప్పుడక్కడ న్యాయస్థానం ఉంది. అవ్వ గోడ పక్కన నిలబడి, “కుళాయి ఇక్కడుండేది. నీళ్ళకు వరుసలో నిలబడేవాళ్ళం” అంది. కొంచెంసేపాగి, “నిన్న మీరు నడిచిన వీధులన్నీ మా నాయన ఊడ్చినవే” అంది.

మాకు మాట రాలేదు. మా ముత్తాత పేరు ఏ బోర్డు మీదా లేదు. ఆయన పని చేసిన వీధుల్లో మేము అతిథుల్లాగ తిరిగాం.

చివరికి కేటో మానర్‌లోని అంబలవాణర్ ఆలయానికి వెళ్ళాం. అంబిలో ఏటి ఒడ్డున ఉన్న మొదటి గుడి 1905 వరదలో కొట్టుకుపోతే, ఇప్పటి గుడిని 1947లో కట్టుకున్నారు. చుట్టుపక్కల ఇళ్ళు పోయినా, జనం చెదిరిపోయినా, గుడి మాత్రం నిలిచింది. అవ్వ మెట్ల మీద కూర్చొని, ఏ ఇంట్లో ఎవరుండేవారో వేళ్ళు మడిచి లెక్కబెట్టింది. మాలో ఒకరు రాసుకున్నారు. మూడు పేజీలు నిండాయి.

1860 నవంబరు 16న ట్రూరో ఓడ మద్రాసునుంచి ఇక్కడికి చేరిందని మనమందరం బడిలో చదువుకున్నాం. ఆ ఓడ దిగినవారు, తరువాత వచ్చినవారు ఏ వీధిలో బతికారో మాత్రం పుస్తకాల్లో అంతగా ఉండదు. అది మన ఇళ్ళలోని పెద్దల నోట ఉంది. వారితోపాటే పోతుంది కూడా.

అందువల్ల ప్రతి కుటుంబానికీ మా విన్నపము ఒక్కటే. ఒక శని, ఆదివారాలు మీ అవ్వను, తాతను తీసుకొని, పగటిపూట నలుగురూ కలిసి నడవండి. కాళ్ళు నొస్తే కూర్చోండి. వారు చెప్పింది చెప్పినట్లే తెలుగులో రాసిపెట్టండి. మా అవ్వ మళ్ళీ ఎప్పుడని అడుగుతోంది. ఈసారి క్లెయిర్‌వుడ్‌కు వెళ్తాం. మీరూ రండి.