గ్రాండ్ కూలీ దగ్గర గుర్తొచ్చిన ముంపు ఊరు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

మా బ్యాచీవాళ్లు పొద్దుట్నుంచీ ‘అమెరికావాడొచ్చాడు’ అని ఆటపట్టిస్తున్నారు. ప్రయాణం విశేషాలు చెప్పమన్నారు. చెబుతాను గానీ, ఆ దారి తిరిగి తిరిగి మన బడికే వస్తుంది.

పోయిన జూలైలో మా ఆవిడా నేనూ సియాటిల్‌లో ఒక ఆర్వీ అద్దెకు తీసుకున్నాం. మినీ బస్సంత బండి. అందులోనే పొయ్యి, పడక, బాత్రూం. రాత్రికి ఏదో ఒక స్టేట్ పార్కులో ఆపుకుని, కరెంటు తీగ తగిలించి, నీళ్ల గొట్టం బిగిస్తే అదే ఇల్లు. మురుగు ట్యాంకు ఖాళీ చేసే పని మాత్రం నాదేనని మా ఆవిడ తీర్మానం.

మొదట డ్రై ఫాల్స్ చూశాం. మూడున్నర మైళ్ల వెడల్పు, 400 అడుగుల ఎత్తు ఉన్న జలపాతం, నీళ్లు మాత్రం లేవు! మంచుయుగంలో మంచుకట్టలు తెగి వచ్చిన వరదలు చెక్కిన కొండ అది. అక్కడి నుంచి స్టీమ్‌బోట్ రాక్ పార్కుకు పోయి బ్యాంక్స్ సరస్సు ఒడ్డున దిగాం. ఆ సరస్సు నీళ్లు కొలంబియా నది నుంచి పంపులతో పైకెత్తినవి. ఆరు లక్షల ఎకరాలకు పైగా తడుపుతాయి.

మర్నాడు గ్రాండ్ కూలీ ఆనకట్ట. 1933లో మొదలుపెట్టి 1942లో ముగించారు. పొడవు 5,223 అడుగులు, మన శ్రీశైలానికి మూడింతలు. కరెంటు 6,800 మెగావాట్ల పైమాటే. గట్టు మీద నిలబడి, సోషల్ సారు బట్టీ పట్టించిన శ్రీశైలం లెక్కలు మా ఆవిడకు గర్వంగా అప్పజెప్పాను.

ఆ రాత్రి పార్కులో మా పక్కన దిగిన పెద్దాయన వాళ్లమ్మది కాల్విల్ తెగ. ఎగువన కెటిల్ ఫాల్స్ అని ఒక జలపాతం ఉండేది. వేల ఏళ్లుగా ఆ తెగలు సాల్మన్ చేపలు పట్టిన చోటు. అది మునిగిపోతుందని తెలిసి 1940 జూన్‌లో వేలమంది అక్కడ చేరి మూడు రోజులు దుఃఖించారు. ఆనకట్టకు చేపలెక్కే మెట్లు కట్టలేదు. సముద్రం నుంచి వచ్చే సాల్మన్‌కు ఆ పై దారి మూసుకుపోయింది. పరిహారం ఒప్పందం కుదిరేసరికి 1994. “నీళ్లు దించినప్పుడు మా అమ్మమ్మ ఇంటి పునాది కనిపిస్తుంది. ఏటా పోయి చూసొస్తాం” అన్నాడాయన.

నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

1981లో శ్రీశైలం ముంపులో దాదాపు వంద ఊళ్లు పోయాయి. అలా ఊరు పోయి మా తొమ్మిదో తరగతిలో చేరినవాడొకడు. హాజరుపట్టీలో అతనికి పేరుండేది, మా నోళ్లలో మాత్రం ‘ముంపోడు’. ఇంటర్ అయిన ఎండాకాలం నన్ను వాళ్ల ఊరు చూద్దాం రమ్మన్నాడు. నీళ్లు తగ్గిన రోజులు. సైకిళ్ల మీద పోయాం. ఎండిన బురదలో నిలబడి, ఇది మా వసారా, ఇది ఎద్దుల కొట్టం, ఇక్కడ మా అవ్వ పడుకునేది అని చూపించాడు. “బురదలో ఎట్లా పడుకునేదిరా?” అని నవ్వాను. తిరుగుదారిలో అతను నాతో ఒక్క మాటా మాట్లాడలేదు. ఆ తర్వాత కలవలేదు.

మన సంఘం జాబితాలో అతని పేరు పక్కన చిరునామా గడి ఖాళీగా ఉంది. ఎవరికైనా ఆచూకీ తెలిస్తే భోజనాల దగ్గర నాకు చెప్పండి. ఎండాకాలం దాకా ఇక్కడే ఉంటాను. నీళ్లు తగ్గాక ఆ ఊరికి మళ్లీ పోవాలని ఉంది, అతను రమ్మంటేనే.