రోడ్డు ఎవరిది? గుంట ఎవరిది?

పంచాయతీ సభ్యులారా!

ఆదిలాబాదు రేగడి నేల వానలకు ఉబ్బును, ఎండలకు బీటలు వారును. దానిపై వేసిన రోడ్డు గుంటలు పడుట వింత కాదు. వానిని అట్లే వదలుట తప్పు. నీరు నిండిన గుంటలో మోటారు సైకిలు పడి ఇంటి యజమాని మంచము పట్టినచో, ఆ కుటుంబము ఎవరిని అడుగవలెను?

ముందుగా రోడ్డు ఎవరిదో తెలిసికొందము. నిర్మల్ మీదుగా పోవు 44వ నంబరు జాతీయ రహదారి కేంద్రమునది. కరీంనగరు మీదుగా పోవు రాజీవ్ రహదారి రాష్ట్రమునది. ఊరి వీధులు మన పంచాయతీవి. ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన రోడ్డును, వేసిన కంట్రాక్టరే అయిదేండ్లు బాగుచేయవలెను.

2019లో సవరించిన మోటారు వాహనముల చట్టము 198-ఎ సెక్షను ననుసరించి, రోడ్డు లోపమువలన మరణము గాని అంగవైకల్యము గాని కలిగినచో బాధ్యులకు లక్ష రూపాయల వరకు జుల్మానా కలదు. అది ప్రమాద నిధికి చేరును. పొరుగున మహారాష్ట్రలో, గుంటలవలన మరణించినవారి కుటుంబమునకు 6 లక్షల రూపాయలు ఇవ్వవలెనని 2025 అక్టోబరులో బొంబాయి హైకోర్టు ఆదేశించినది. ఆ ఆదేశము మన రాష్ట్రమునకు కాకపోయినను, మనకు హెచ్చరికయే.

కావున వానలకు ముందే పక్క కాలువలు తీయింతము. మన వీధి గుంటలను మొరముతో నింపి దిమ్మిసతో కొట్టింతము. ఇనుప కేజీ చక్రముల ట్రాక్టర్లను రోడ్డెక్కనీయకుందము. మనది కాని రోడ్డైనచో, సంబంధిత ఇంజనీరుకు తేదీ వేసి వ్రాసి, నకలు దాచుదము. ఆ నకలు రేపు బాధితునికి సాక్ష్యమగును.