పాత బండికి క్రొత్త క్లచ్చు



ముప్పదియేండ్లకు పైగా బడిలో తెలుగు పాఠములు చెప్పినవాడు మోటారుసైకిలు క్లచ్చును గూర్చి ప్రసంగింప బూనుట కొందఱికి వింతగా దోచవచ్చును. కాని నేడు మన యూళ్లలో ఎడ్లబండ్లకంటె ఈ బండ్లే యెక్కువ. పొలమునకు పోవలెనన్నను, బియ్యపుమూట తేవలెనన్నను, జ్వరము తగిలినవానిని ఆసుపత్రికి చేర్చవలెనన్నను అవియే దిక్కు. నడపునది కుఱ్ఱవాండ్రైనను మరమ్మతునకు సొమ్మిచ్చునది తఱచుగా మనమే. మిస్త్రీ వచ్చి "స్ప్రింగులు మార్చాను, ప్లేట్లు మార్చాను" అని చెప్పినప్పుడు, ఏది యెందుకు మార్చెనో అడుగగల పెద్ద యొకడు ఇంట నుండుట మేలు. నేను అడుగలేకపోయితిని. దానివలన ఒక పసివాని ప్రాణము జేనెడు దూరములో దక్కినది. ఆ సంగతియే నేడు మీతో చెప్పదలచితిని.

నాది 1986లో తయారైన 350 సీసీ బుల్లెట్టు. బుల్లెట్టు అను పేరు ఇంగ్లండులో 1932 నాటిది. 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డు ఇండియా అను సంస్థ యేర్పడి, తిరువొత్తియూరులో ఆ బండ్లను చేయసాగినది. 1970 ప్రాంతమున పుట్టినింట తయారీ నిలిచిపోయినను, మెట్టినింట మాత్రము నిలువలేదు. నా బండి యింజను ఇనుపది, శక్తి పదునెనిమిది గుఱ్ఱములది. ఇంజను వేఱు, గేరుపెట్టె వేఱు. ఈ రెంటికిని నడుమ, ఎడమప్రక్క నున్న చైనుపేటికలో, క్లచ్చు అను యంత్రభాగము కలదు. 2008 మొదలుకొని వచ్చిన క్రొత్తరకపు బండ్లలో ఇంజనును గేరుపెట్టెయు ఒకే కవచములో చేరినవి. ఆ బండ్ల భాగములు నా బండికి పనికిరావు. ఈ మాట గుర్తుంచుకొనుడు, మరల వచ్చెదను.

తర్కసంగ్రహము చదివినవారికి ఇరువదినాలుగు గుణములలో సంయోగము, విభాగము అని రెండు కలవని తెలియును. క్లచ్చు చేయుపని యంతయు ఆ రెండే. ఇంజను తిరుగుచునే యుండును. బండి కదలవలెనన్నచో దానిని చక్రముతో కూర్పవలెను. గేరు మార్చవలెనన్నను, నిలువవలెనన్నను విడదీయవలెను. ఇందుకై పలుచని గుండ్రని ప్లేట్లు ఒకదానిపై నొకటిగా పేర్చబడియుండును. వానిలో ఒక వరుస ఇంజను చైను త్రిప్పు డ్రమ్మును పట్టుకొనియుండును. దాని నడుమ నడుమ నున్న రెండవ వరుస గేరుపెట్టె యిరుసును పట్టుకొనియుండును. స్ప్రింగులు వీనినన్నిటిని అదిమిపట్టును. ఎడమచేతి లీవరు పిండినప్పుడు, గేరుపెట్టె బోలుయిరుసులోనుండి పోవు సన్నని కడ్డీ యొకటి పైపలకను వెలికి నెట్టును. అదిమి తొలగి, వరుసలు వేఱై, ఇంజను తన దారిన తాను తిరుగుచుండును.

2019 వేసవిలో మాడుగుల మీదుగా పాడేరు ఘాటు ఎక్కుచుంటిని. నా భార్య వెనుక కూర్చుండియుండెను. కొండమీది పల్లెలో నా శిష్యుని పెండ్లి. మూడవ నాల్గవ మలుపులలో ఇంజను బొబ్బలు పెట్టుచున్నది గాని బండి ముందునకు పోవుటలేదు. అల్లము, ఇంగువ కలిపి మాడ్చినట్లు ఒక వాసన వచ్చినది. పిమ్మట బండి యాగి, వెనుకకు జాఱసాగెను. బ్రేకు పట్టి నిలిపితిని. ఆమె దిగి, చక్రము క్రింద ఱాయి పెట్టినది. ఇంతటి శ్రమ తరువాత ఆ పెండ్లికి లారీమీద పోయితిమి. పెండ్లి భోజనము నాకు రుచింపలేదు.

దిగివచ్చిన పిమ్మట పట్టణములో ఒక మరమ్మతుశాలకు బండి నిచ్చితిని. వారు ఒక్కపూటలో బాగుచేసి, "స్ప్రింగులు గట్టివి వేశాము, ఇక జాఱదు" అనిరి. నిజమే, జాఱలేదు. కాని లీవరు పిండుటకు నాలుగు వ్రేళ్లును చాలకుండెను. నా కప్పటికే ఎడమ బొటనవ్రేలి మొదట కీలునొప్పి యుండెను. క్రొత్తగదా, కొన్నిదినములకు మెత్తబడునని నాకు నేనే సర్దిచెప్పుకొంటిని. ఇది నా మూఢత్వము.

సంత దినమున ఈ మెత్తబడుట యేమో తేలిపోయినది. జనసమ్మర్దములో మొదటి గేరు వేసి, లీవరు పిండి పట్టి, అడుగడుగున కదలుచుంటిని. రెండు నిమిషములు అట్లు పట్టి యుండుసరికి వ్రేళ్లు తిమ్మిరెక్కి, లీవరు తనంతట తానే జాఱిపోయినది. బండి ఒక్క యుఱుకు ఉఱికెను. ముందు చక్రము ఒక అవ్వ వంకాయల గంపను తన్ని, ఆ ప్రక్కనే కూర్చున్న ఆమె మనుమని కాలివద్ద నిలిచినది. వానిని ఎవరో రెక్కపట్టి లాగిరి. వంకాయలు ఏఱి యిచ్చి, పోయినవాని వెల యిచ్చి, బండి దిగి నడిపించుకొని ఇంటికి వచ్చితిని. అవ్వ నన్ను తిట్టలేదు. తిట్టియుండిన బాగుండెడిది.

బండి అమ్మివేయుమని మా యబ్బాయి అనెను. ఇనుము ధరకు కొనువాడు వాకిటికి వచ్చియే యుండెను. అప్పుడు నా పూర్వశిష్యు డొకడు, మా యూరి చివర షెడ్డు పెట్టుకొన్నవాడు, సంగతి విని వచ్చినాడు. వీడు నా తరగతిలో ఉత్వసంధి సూత్రము చెప్పలేక ఎన్నిసార్లు బల్లయెక్కి నిలుచున్నాడో లెక్కలేదు. లీవరు ఒక్కసారి పిండిచూచి అన్నాడు: "మాస్టారూ, గట్టి స్ప్రింగు వేస్తే పట్టు వస్తుందండి, కాదనను. కాని ఆ పట్టుకి ప్రతిసారీ మీ చెయ్యే కూలి కట్టాలి."

మఱునాడు వాని షెడ్డులో నులకమంచముపై కూర్చుండి అంతయు చూచితిని. పాత బుల్లెట్టు చైనుపేటిక మూతకు నడుమ ఒక్కటే నట్టు. అది విప్పి, క్రింద పళ్లెము పెట్టి నూనె పట్టి, మూత తీసెను. ప్లేట్లు తీసి వరుసగా పఱచెను. ఉక్కుప్లేట్లు నెమలికంఠమువలె నీలమెక్కియున్నవి. అది కాలినదానికి గుఱుతు. అద్దపుపలకపై పెట్టగా రెండు ప్లేట్లు సమముగా కూర్చుండక, అంచున కాగితము దూఱునంత వంగియున్నవి. డ్రమ్ముగాడులలో ప్లేట్లచెవులు కొట్టుకొని గంట్లు పడినవి. అట్టి గంట్లలో చెవి చిక్కుకొన్నచో లీవరు పిండినను ప్లేట్లు విడివడవు. అనగా ప్లేట్లు చెడియుండగా స్ప్రింగులు మార్చినారన్నమాట.

ఒక జాగ్రత్త చెప్పి ముందునకు పోయెదను. పాతకాలపు ప్లేట్ల పూతలో ఆస్‌బెస్టాసు అను రాతినార యుండవచ్చును. అది ఊపిరితిత్తులకు విషము. ఆ ధూళిని గాలిగొట్టముతో ఊదింపకుడు, నోటితో నూదకుడు. తడిగుడ్డతో తుడుచుటయే తగినది.

వాడు చెప్పిన ఉపాయ మిది: ఇదే వంశమున తరువాత మనదేశములో వచ్చిన 500 సీసీ బుల్లెట్టున్నది. దాని యింజను బలమెక్కువ గనుక క్లచ్చులో ప్లేట్లు అధికము, డ్రమ్ము లోతెక్కువ. ఆ డ్రమ్మును, నడిమి కుదురును, ప్లేట్లను సమితిగా తెచ్చి నా బండికి వేయవలెను. స్ప్రింగులు మాత్రము గట్టివి తీసి, మొదటి బలమువియే వేయవలెను.

"స్ప్రింగులు మెత్తబడగా పట్టు ఎట్లు పెరుగునురా?" అని యడిగితిని. వాడు చెప్పలేక తల గోకికొనెను. ఇంటికి వచ్చి ఆలోచింపగా నాకు తాటాకుపుస్తకము జ్ఞప్తికి వచ్చినది. రెండు పలకల నడుమ ఆకుల కట్టను అదిమిపట్టుడు. పైన పెట్టిన బరువు ఆకులకు పంచుకొనబడదు. మొదటి యాకుమీద నెంత యదిమియో చివరి యాకుమీదను అంతే. కట్టలో ఆకులెన్ని పెరిగిన రాపిడితావులును అన్ని పెరుగును. ప్రతి తావునను పూర్తి యదిమి. క్లచ్చులోను ఇంతే. లెక్కకు, ప్లేట్లు నాలుగనుకొందము. ఒక్కొక్కదానికి రెండు ముఖములు గనుక ఎనిమిది. ప్లేట్లు ఐదైన ముఖములు పది. స్ప్రింగు బలము వీసమైనను పెంచకయే పట్టు నాలుగవవంతు పెరిగినది. అదే నాలుగవవంతును స్ప్రింగులచేత సాధింపబూనిన, చేతిబరువు నాలుగవవంతు పెరుగును. బాటసారుల ప్రాణములు ఆ చేతిలోనే యున్నవి.

మఱునాడు ఈ లెక్క చెప్పగా వాడు, "అదే మాస్టారూ, నేను చెప్పిందీ అదే" అనెను. చెప్పలేదు, అయినను ఊరకుంటిని.

అయితే లోకములో ఉచితముగా వచ్చునది లేదు. లీవరు పిండినప్పుడు పైపలక రెండు మిల్లీమీటర్లు లేచు ననుకొందము. ఎనిమిది ముఖములకు పంచిన ఒక్కొక్కచోట పావు మిల్లీమీటరు ఎడము. పదింటికి పంచిన ఐదవవంతే. పట్టు పెరిగినది గాని విడుపు సన్నగిల్లినది. మొదటి ప్రయత్నములో మే మీ చిక్కునందే పడితిమి. సమితి యంతయు బిగించి బండి కదల్పగా, లీవరు పూర్తిగా పిండినను గేరు కఱకఱలాడుచు పడినది. నిలిచినప్పుడు న్యూట్రలు చిక్కలేదు. పాత బుల్లెట్టుకు మడమతో త్రొక్కి న్యూట్రలు పట్టు చిన్నమీట వేఱుగా కలదు, దానికిని లొంగలేదు. నాకు మరల సంత కనులగట్టినది. "తీసివేయుము, పాతవే పెట్టుము" అంటిని. వాడు వినలేదు. కేబులు చూపించెను. దాని పైతొడుగు పాతబడి, లీవరు పిండినప్పుడెల్ల అదియే కుదించుకొనిపోవుచున్నది. చేతి కదలికలో కొంత దారిలోనే ఖర్చగుచున్నదన్నమాట. క్రొత్తకేబులు వేసి, కడ్డీ మర సరిచేసి, పైపలక అన్నివైపుల సమముగా లేచుచున్నదో లేదో మూత తీసియుంచియే చూచినాడు. అప్పుడు గేరు వెన్నలో వ్రేలు పెట్టినట్లు పడినది.

ఈ పనికి పూనుకొనువారికి రెండుమూడు మాటలు. ప్లేట్లు మాత్రము తెచ్చి లోతు చాలని పాతడ్రమ్ములో ఇఱికించుట కూడదు. చివరి ప్లేటు చెవులకు ఆధారము చాలదు. పాత క్రొత్త భాగములను ప్రక్కప్రక్కన పెట్టి, పండ్లు, గాడులు, లోతు, ఇరుసురంధ్రము సరిపోల్చి చూచినగాని సొమ్మీయకుడు. పేరొకటే యైనంత మాత్రమున భాగ మొకటి కాదు. ఇంతకుముందు గుర్తుంచుకొనుమన్న మాట యిదియే. ఇంజనుపంటిచక్రము, డ్రమ్ము ఒకే గీటున నున్నవో లేవో నిలువుబద్దతో చూడవలెను. లేనిచో చైను ఒకప్రక్క అరిగిపోవును. క్రొత్తప్లేట్లను వేయుటకు ముందు ఒకరాత్రి నూనెలో నాననీయవలెను. నూనె విషయమున కక్కుర్తి వలదు. రాపిడి తగ్గించు ద్రవ్యములు కలిపిన కారు నూనెలు తడిక్లచ్చును జాఱజేయవచ్చును. డబ్బాపై జాసో ఎం.ఏ. అను ముద్ర చూచి కొనవలెను, ఎం.బీ. అని యున్నది దీనికి గాదు. మీ ట్రాక్టరు క్లచ్చు సామాన్యముగా పొడిది. దానికి నూనె తగులుటయే కీడు. ఒకదాని వైద్యము మఱియొకదానికి చేయకుడు.

అన్నిటికంటె ముందు చూడవలసినది, కానీ ఖర్చులేనిది, లీవరు మొదట రెండుమూడు మిల్లీమీటర్లు వదులుగా ఆడుచున్నదా యని. ఆ వదులు లేనిచో, క్లచ్చు ఎల్లప్పుడును కొంచెము పిండినట్లే యుండి, మంచిప్లేట్లు గూడ కాలిపోవును. పట్టణపు మరమ్మతుశాలవారు దానినైన చూచిరో లేదో నేనెఱుగను. అడుగుటకు నాకప్పుడు తెలివి లేకపోయె.

కచ్చేరీవైపు సందేహముగలవారికి ఒక్కమాట. ఇంజను మార్చినచో పత్రములలో వ్రాయింపవలెను; క్లచ్చుప్లేట్లు పత్రములలో నెక్కవు. పదునైదేండ్లు దాటిన బండికి రిజిస్ట్రేషను పొడిగింపు మాత్రము మఱువరాదు.

ఆ కార్తికములో మరల పాడేరు ఘాటెక్కితిమి. వెనుక నా భార్యయు, ఆమె యొడిలో బియ్యపుసంచియు. ఱాయి పెట్టిన మలుపు వచ్చినప్పుడు ఇద్దఱమును మాటలాడలేదు. మలుపు దాటి, ఆపై మఱి రెండు దాటినవి. అప్పు డామె, "ఏమండీ, ఈసారి వాసన రాలేదే" అనెను.

సంతకు ఇప్పుడును పోవుచున్నాను. రెండువ్రేళ్లతో లీవరు పట్టి ఎంతసేపైన నిలువగలను. అవ్వ కొడుకు ఇప్పుడు ఆ దుకాణము చూచుకొనుచున్నాడు. అవ్వ ప్రక్కన ఊరకే కూర్చుండును. నన్ను పేరడిగి పలుకరించును, వంకాయలలో లేతవి ఏఱి పెట్టించును. కాని నా బండి చప్పుడు వినబడగానే, ఆమె చేయి గంపను వెనుకకు లాగికొనుట మానలేదు.

సెలవు.