స్పాన్సర్ దొరకని షో: నాట్ కింగ్ కోల్

ఈ ఎపిసోడ్‌లో పట్టుమని పద్నాలుగు నెలలైనా నడవని ఒక అమెరికన్ టీవీ షో గురించి చెప్పుకుందాం.

నాట్ కింగ్ కోల్ పేరు మీలో చాలామంది వినే ఉంటారు. ఆయన మొదట జాజ్ పియానిస్టు. కింగ్ కోల్ ట్రియోతో పేరు తెచ్చుకుని, తర్వాత గాయకుడిగా అంతకన్నా పెద్దవారయ్యారు. 1950లో ఆయన పాడిన 'మోనా లీసా' అక్కడ నంబర్ వన్ పాట. 1956లో కాపిటల్ రికార్డ్స్ వాళ్ళు హాలీవుడ్‌లో గుండ్రటి మేడ కట్టుకుంటే, దాన్ని 'నాట్ కట్టిన ఇల్లు' అనేవారు. ఆయన రికార్డులు అంతలా అమ్ముడుపోయేవి మరి.

సరిగ్గా అదే ఏడాది, నవంబరు 5న, ఎన్‌బీసీలో ఆయన షో మొదలైంది. ముందు పావుగంట. 1957 జూలై నుంచి అరగంట. నల్లజాతి కళాకారులు టీవీ షో నడపడం అదే మొదలు కాదు. 1950లో హేజెల్ స్కాట్ అనే పియానిస్టు ఒక షో చేశారు. కానీ ఇంత పేరున్న గాయకుడు, ఇంత పెద్ద నెట్‌వర్క్‌లో రావడం మాత్రం పెద్ద విషయమే.

ఇక్కడ ఒక సంగతి గుర్తుపెట్టుకోండి. ఆ రోజుల్లో అక్కడ టీవీ షో నడవాలంటే ఏదో ఒక కంపెనీ ఖర్చు భరించాలి. సబ్బులవాళ్ళో, కార్లవాళ్ళో, సిగరెట్లవాళ్ళో. కోల్ షోకి దేశం మొత్తానికీ ఒక్క స్పాన్సర్ కూడా రాలేదు. న్యూయార్క్ వైపు రైన్‌గోల్డ్ బీరువాళ్ళలాంటి ప్రాంతీయ కంపెనీలు కొన్ని వచ్చాయి, అంతే. మిగతా ఖర్చు ఎన్‌బీసీయే పెట్టుకుంది.

ఎందుకు రాలేదు? భయం. నల్లజాతి మనిషి షోకి డబ్బిస్తే దక్షిణాదిలోని తెల్లవాళ్ళు తమ సరుకు కొనడం మానేస్తారేమోనని. అక్కడి స్టేషన్లు కొన్ని అసలు షో వేయనేలేదు. ఆ ఏడాది ఏప్రిల్లోనే, తను పుట్టిన అలబామా రాష్ట్రంలోనే, బర్మింగ్‌హామ్‌లో పాడుతుండగా కొందరు తెల్లవాళ్ళు స్టేజీ ఎక్కి ఆయన మీద దాడి చేశారు. కంపెనీల భయం వెనకాల ఉన్న వాతావరణం అదన్నమాట.

తోటి కళాకారులు మాత్రం చేయిచ్చారు కాదు, చేయందించారు. ఎల్లా ఫిట్జ్‌జెరాల్డ్, హ్యారీ బెలఫాంటే, పెగ్గీ లీ, మెల్ టోర్మే... వీళ్ళంతా పెద్ద పారితోషికాలు తీసుకునేవాళ్ళే. ఈ షోకి వచ్చినవాళ్ళు చాలామంది యూనియన్ నిర్ణయించిన కనీస వేతనానికే పాడి వెళ్ళారు. ఆర్కెస్ట్రా నడిపింది నెల్సన్ రిడిల్. ఇంతమంది ఉన్నా షో నిలబడలేదు.

చివరికి ఎన్‌బీసీ, ఖర్చు తక్కువయ్యే వేరే టైముకి మార్చుకోమంది. కోల్ ఒప్పుకోలేదు. 1957 డిసెంబరు 17న ఆఖరి షో. తర్వాత 1958 ఫిబ్రవరిలో ఎబొనీ పత్రికలో తను ఎందుకు మానేశారో ఆయనే రాశారు. తప్పు ఎన్‌బీసీది కాదు, ప్రకటనల కంపెనీలదే అన్నారు. మాడిసన్ అవెన్యూకి, అంటే ప్రకటనల ప్రపంచానికి, చీకటంటే భయమని ఆయన అన్న మాట ఇప్పటికీ చెప్పుకుంటారు.

నాకు ఇందులో బాధనిపించేది ఏంటంటే, షో ఆపేయమని ఎవరూ ఆర్డరు వేయలేదు. ఒక్కో కంపెనీ 'మాకేం అభ్యంతరం లేదు, మా కొనేవాళ్ళకే...' అనుకుని పక్కకి తప్పుకుంది. తప్పు చేశామని ఎవరికీ అనిపించి ఉండదు. అందరూ కలిసి మాత్రం ఒక మనిషిని తెర మీద లేకుండా చేశారు. నిషేధమైతే ఎదురు తిరగొచ్చు. రాని స్పాన్సర్ మీద ఎవరితో పోట్లాడతాం?

1965లో ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో కోల్ చనిపోయారు. అప్పటికి ఆయనకి 45 ఏళ్ళే. 1970లో, అదే ఎన్‌బీసీలో, ఫ్లిప్ విల్సన్ అనే నల్లజాతి హాస్యనటుడి వెరైటీ షో మొదలై పెద్ద హిట్టయింది. అది చూడటానికి కోల్ లేరు.

ఆ పాత ఎపిసోడ్లు దొరికితే ఒకటి చూడండి. ఆ చిరునవ్వు వెనకాల ఇంత కథ ఉందని అస్సలు తెలియదు. ఉంటానండీ, మళ్ళీ కలుద్దాం.