పైత్యరసపు గండి



నోరు చేదైనను, తల తిరిగినను మనము పైత్యమందుము. నేను నేడు చెప్పదలచినది ఆ పైత్యము గాదు. కాలేయమున నూరెడి పసుపుపచ్చని రసము. పెద్దవారికిది దినమునకు అరలీటరు మొదలు లీటరు వఱకు ఊరును. కొంత పిత్తాశయమున నిలిచి, భోజనానంతరము నాళము వెంట చిన్నప్రేవును జేరి, క్రొవ్వును జీర్ణింపజేయును.

పిత్తాశయము చెఱువు, నాళము కాలువ, అది ప్రేవున గలియుచోట నున్న కండరము తూము. కాలువకు గండి పడిన నీరు పైరును ముంచునట్లు, నాళమునకు గండి పడిన రసము కడుపులోనికి గారి, లోపొరను మండించి, చీము పట్టించును.

రాళ్లు చేరిన పిత్తాశయమును దీసివేయు శస్త్రచికిత్సను మొదట 1882లో బెర్లినున లాంగెన్‌బుఖ్ చేసెను. చిన్న రంధ్రముల గుండ దానిని 1985లో జర్మనీయందే మ్యూహె చేసెను. నేడది సామాన్యమైనది. అయినను నాళపు మొదలు బిగించిన కట్టు వదలినను, సన్నని నాళమేదైన తెగినను రసము కారవచ్చును. ప్రమాదమున కాలేయము చీలినను అంతియే.

చికిత్సానంతరము రోగి దినదినము తేఱుకొనవలెను. అట్లుగాక కడుపునొప్పి హెచ్చుట, ఉబ్బుట, జ్వరము, వాంతులు, కన్నులు పచ్చబడుట, గాయమునుండి పచ్చని రసము కారుట కనబడిన, వెంటనే శస్త్రచికిత్స చేసిన వైద్యుని యొద్దకు గొనిపోవలెను. గాలి చేరినదని వాము నీరిచ్చి యూరకుండుటయు, కామెర్లని పసరు పోయించుటయు తగదు. పసరు గండిని బూడ్చజాలదు, జాగుచేసిన ప్రాణాపాయము.

వైద్యులు స్కానింగు చేసి, చర్మము గుండ సన్నని గొట్టము వేసి, చేరిన రసమును వెలికి దీయుదురు. చీము పట్టకుండ మందులిత్తురు. చిన్న గండి యొక్కొకప్పుడు దీనితోనే మానును. మానకున్న, నోటిగుండ ఎండోస్కోపను వంగెడి గొట్టమును ప్రేవు వఱకు బంపి, తూము కండరమును గొంచెము కోసి, నాళములో స్టెంటను చిన్న ప్లాస్టికు గొట్టము నుంతురు. తూమెత్తిన కాలువలో ఒత్తిడి తగ్గునుగదా! రసము తిన్నగా ప్రేవులోనికి బోవును. గండి తనంత బూడును. పెద్దనాళమే తెగిన యెడల మాత్రము, ప్రేవును దెచ్చి కాలేయనాళమునకు గుట్టవలెను. అది యనుభవజ్ఞులు చేయదగిన పని.

ఒక్క హెచ్చరిక. స్టెంటును కొన్ని వారముల పిమ్మట తీయించవలెను. నొప్పి పోయినదని మఱచిన నది పూడి, జ్వరమును కామెర్లను దెచ్చును. వైద్యుడు చెప్పిన తేదీని గోడమీద వ్రాసి యుంచుడు. ఇంటిలో చదువు నేర్చిన పెద్దలు చేయదగిన సాయమిదియే.