గొర్రె చెవికి పోగు



తెనాలి పక్కనే అంగలకుదురు. కాలవల కింద వరి పండే ప్రాంతం. ఇక్కడ గొర్రెలు కాలవ గట్ల మీద, కోతలైన పొలాల్లో మేస్తాయి. ఈ ఊళ్లో ఒకామెకు ఆరు గొర్రెలు, ఒక పొట్టేలు ఉన్నాయనుకోండి. సాయంత్రం గట్టు మీద రెండు మందలు కలిసిపోయాయి. అయినా ఆమెకు భయం లేదు. "ఇది నాది, అది నాది" అని చటుక్కున చెప్పేస్తుంది. అరుపు విన్నా చాలు, గుర్తు పడుతుంది.

మరి బీమా కంపెనీ మనిషి గుర్తు పడతాడా? నెల్లూరు గొర్రెల్లో పల్ల రకం ఒళ్లంతా తెలుపు. జొడిపి కూడా తెలుపే, కళ్ల చుట్టూ, మూతి మీద నల్ల మచ్చలుంటాయి. దొర రకం ఎరుపు. ఒకే రకం గొర్రెలు పది నిలబెడితే కొత్తవాడికి అన్నీ ఒక్కటే!

పూర్వం చెవి కొస కత్తిరించేవారు. ఒంటికి రంగు పూసేవారు. రంగు వానకు పోతుంది. అదే కోత పక్క మందలోనూ ఉండొచ్చు. అందుకే ఇప్పుడు చెవికి పోగు వేస్తున్నారు.

ఈ పోగు ఒక ప్లాస్టిక్ బిళ్ల. మన దిద్దుల లాంటిది కాదు, దీని అందమంతా నంబరులోనే ఉంది. దాని మీద 12 అంకెలు ఉంటాయి. ఆధార్ కార్డు మీదా 12 అంకెలే కదా! దేశం మొత్తంలో ఒక నంబరు ఒకే పశువుకు ఉంటుంది. ఆ నంబరు, యజమాని పేరు, టీకా వేసిన తేదీ ప్రభుత్వ కంప్యూటరులో ఎక్కుతాయి. ఆ లెక్కకు భారత్ పశుధన్ అని పేరు. గాలికుంటు రోగాన్ని అరికట్టడానికి 2019లో జాతీయ కార్యక్రమం మొదలైంది. టీకా ఏ పశువుకు పడింది, దేనికి పడలేదు అనేది ఈ నంబరుతోనే తెలుస్తుంది.

పోగు పశువైద్య సిబ్బంది చేతే వేయించాలి. చెవి మధ్యలో, రక్తం నడిచే నరాలు తగలని చోట వేస్తారు. చెవి అంచున వేస్తే కంపకు తగులుకుని చెవి చీలుతుంది. వేశాక అయోడిన్ రాయాలి. పుండు మానేదాకా రోజూ చూడాలి. ఈగలు ముసిరితే పురుగు పడుతుంది. వాపు, చీము కనబడితే పశువుల ఆసుపత్రికి తోలుకెళ్లండి.

ఇక నోటుబుక్కు సంగతి. పోగు వేసిన రోజే నంబరు రాసుకోవాలి. నాలుగేసి అంకెలుగా విడదీసి రాస్తే తప్పు పోదు. 1ని 7 అని, 3ను 8 అని రాస్తే ఆ నంబరు వేరే గొర్రెది అయిపోతుంది. పోగు తలకిందులుగా చూస్తే 6 కాస్తా 9 అవుతుంది! రాశాక మళ్లీ చెవి పట్టుకుని సరి చూసుకోండి. పక్కనే గొర్రె రంగు, మచ్చ, టీకా తేదీ రాయండి. "మా ఆయన చూసుకుంటాడులే" అనకండి. మంద వెంట తిరిగేది మీరు, చదవగలిగేదీ మీరే.

బీమా దగ్గర ఈ రాత అక్కరకొస్తుంది. 2024 ఫిబ్రవరిలో కేంద్ర మంత్రివర్గం బీమా రుసుములో రైతు వాటాను 15 శాతానికి తగ్గించింది. రుసుము 100 రూపాయలైతే రైతు కట్టేది 15. మిగతాది ప్రభుత్వాలు భరిస్తాయి. కానీ గొర్రె చనిపోయినప్పుడు చెవికి పోగు లేకపోతే పరిహారం అడగడం కష్టం. చనిపోయింది బీమా చేసిన గొర్రే అని ఎలా రుజువు చేస్తారు? అందుకే వెంటనే పశువుల డాక్టరుకు, బీమా వాళ్లకు కబురు చేయాలి. డాక్టరు చూడకముందే పూడ్చకండి. పోగు పారేయకండి.

కొన్నిసార్లు బతికున్న గొర్రె పోగే ఊడిపోతుంది. అప్పుడు ఆలస్యం చేయకుండా ఆసుపత్రిలో చెప్పి కొత్త పోగు వేయించాలి. పాత నంబరు నోటుబుక్కులో ఉంటే లెక్క కలపడం తేలిక. కొత్త నంబరు బీమా వాళ్లకూ తెలపాలి. గొర్రెను అమ్మితే పోగు పీకకండి. కొన్నవాళ్ల పేరుకు మార్పించమని ఆసుపత్రిలో చెప్పండి. మీ నోటుబుక్కులో ఆ నంబరు పక్కన "అమ్మాను" అని, తేదీ రాయండి.